పాట మీద మమకారం ఎక్కడ మొదలవుతుంది? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో పిల్లలకు పాట నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పాఠం అయ్యాక పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లో, తాతగారో గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. "ఒక మాట అడగనా అండీ" అని మొదలుపెడతారు. ఆ మాట దాదాపు ప్రతిసారీ ఒకటే. బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి ఫోను చేసేవాళ్లు అడిగేవీ అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వయసుల వారీగా ఉన్నాయి. ఏ ప్రశ్న ముందు చదివినా జవాబు పూర్తిగా అక్కడే దొరుకుతుంది.

## ఉయ్యాల వయసు

కడుపులో బిడ్డకు పాట వినపడుతుందా? పొట్ట మీద హెడ్‌ఫోన్ పెట్టమంటున్నారు, పెట్టాలా?

వినపడుతుంది. ఆరో నెల దాటేసరికి బిడ్డ చెవి పనిచేయడం మొదలవుతుంది. సన్నని శబ్దాలు చాలావరకు దారిలోనే అణిగిపోతాయి. మంద్రమైనవి, లయ, గొంతులోని ఎత్తుపల్లాలు లోపలికి చేరతాయి. అన్నిటికంటే బాగా చేరేది తల్లి గొంతు, ఎందుకంటే అది ఆమె ఒంటి గుండానే వెళ్తుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అప్పుడే పుట్టిన పసికందుల నోట్లో పాలపీక పెట్టారు. ఒక తీరుగా చప్పరిస్తే తల్లి గొంతు, మరో తీరుగా చప్పరిస్తే వేరే స్త్రీ గొంతు వినపడే ఏర్పాటు చేశారు. పిల్లలు తల్లి గొంతు వచ్చే తీరునే పట్టుకున్నారు. హెడ్‌ఫోన్ అక్కర్లేదు. వంట చేసుకుంటూ మీకు వచ్చిన పాట పాడుకోండి.

నా గొంతు బాగుండదు. ఫోనులో జోలపాట పెడితే సరిపోదా?

రికార్డు చేసిన పాట కూడా బిడ్డను ఊరుకోబెడుతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో 2015 ప్రాంతంలో ఏడాది నిండని పిల్లలకు వాళ్లెప్పుడూ వినని టర్కీ భాషలో ఒకసారి మాటలు, ఒకసారి పాట వినిపించారు. మాటలకు నాలుగు నిమిషాల చుట్టుపక్కల ఓపిక పట్టిన పిల్లలు పాటకు తొమ్మిది నిమిషాల దాకా ఏడవకుండా ఉన్నారు. కాబట్టి పాటకు బలం ఉంది, భాష తెలియకపోయినా ఉంది.

కానీ ఫోను బిడ్డ ముఖం చూడదు. మీరు పాడుతున్నప్పుడు బిడ్డ కళ్లు మూతపడితే మీకు తెలియకుండానే వేగం తగ్గిస్తారు, కాలు కదిలిస్తే మళ్లీ అందుకుంటారు. మా అమ్మకు శ్రుతి నిలిచేది కాదు. చరణం చివర గొంతు కిందికి జారిపోయేది. నేను ఇన్నేళ్లు సంగీతం చెప్పుకుంటూ బతికినా ఆ జోల నాకు ఇవాళ్టికీ ఆ జారిన శ్రుతిలోనే గుర్తు. సరిచేసి పాడితే అది మా అమ్మ పాటలా ఉండదు. బిడ్డకు కావలసింది మీ గొంతు. ధైర్యంగా పాడండి.

ఇంట్లో తెలుగు జోల, పక్కింటి వాళ్లు ఎత్తుకుంటే ఒడియా జోల. బిడ్డ తికమకపడదా?

పడదు. ఇది మన సరిహద్దు పిల్లలకు దక్కిన భాగ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన పరిశోధన చూడండి. బాల్కన్ దేశాల పాటల్లో మన మిశ్రచాపులాగా బేసి లెక్కల తాళాలు ఉంటాయి. ఉత్తర అమెరికాలో పుట్టిన ఆరు నెలల పిల్లలు ఆ తాళాల్లో తప్పు దొర్లితే పట్టుకున్నారు. ఏడాది నిండిన పిల్లలు పట్టుకోలేకపోయారు, వాళ్ల చెవి అప్పటికే ఇంట్లో వినే తాళాలకు అలవాటుపడిపోయింది. అయితే రెండు వారాల పాటు ఆ పాటలు వినిపించగానే ఏడాది పిల్లలకు ఆ నేర్పు తిరిగి వచ్చింది. అన్నే రోజులు విన్న పెద్దవాళ్లకు అలా రాలేదు.

అంటే పుట్టిన బిడ్డ చెవి అన్ని తాళాలకూ తెరిచి ఉంటుంది, చుట్టూ వినపడేవాటికి క్రమంగా స్థిరపడుతుంది. చుట్టూ రెండు రకాల పాట ఉంటే రెండింటికీ చోటు ఉంటుంది. పక్కింటి మావుశీ (ఒడియాలో పిన్ని) ఎత్తుకుని పాడితే సంతోషించండి.

## బడి వయసు

మా పాప బడిలో నేర్పిన ఒడియా పాటలు గలగలా పాడుతుంది. తెలుగు పాట పాడమంటే నోరు మెదపదు. తప్పు ఎక్కడ జరిగింది?

తప్పేమీ జరగలేదు. ఆరేడేళ్ల పిల్లకు పాటంటే తోటి పిల్లలతో కలిసి చేసే పని. ప్రార్థనలో వందమంది గొంతుల్లో తన గొంతు కలిసినప్పుడు వచ్చే ఆనందం, ఇంట్లో చుట్టాల ముందు ఒంటరిగా నిలబెట్టి "పాడవే" అంటే రాదు. తెలుగు పాట కూడా నలుగురితో కలిసి పాడే అవకాశం ఉంటే పాడుతుంది. సంక్రాంతికి, కార్తీక మాసంలో వీధి భజనకు, కోలాటానికి తీసుకెళ్లండి. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పోగుచేసి ఒక పాట నేర్పండి.

ఇంకొక మాట, ఇది మనసులో ఉన్నదే చెబుతున్నాను. ఒడియా పాటను పిల్లల ముందు "వాళ్ల పాట" అనకండి. 1936 ఏప్రిల్ 1న కొత్త ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానంలో కొంత భాగం ఇటు, కొంత భాగం అటు పోయింది. పాటలు అలా విడిపోలేదు. ఒడిస్సీ గాయకులు ఇవాళ్టికీ కచేరీల్లో పాడే రాధాకృష్ణుల పాటలెన్నో రాసిన గోపాలకృష్ణ పట్టనాయక్ మన పర్లాకిమిడివారే. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసి, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది కూడా ఈ ఊళ్లోనే. ఈ నేల మీద పుట్టిన పిల్లకు ఇవన్నీ సొంతమే.

సంగీతం ఎన్నో ఏట మొదలుపెట్టాలి? ఆలస్యమైతే ఇక రాదంటారు, నిజమేనా?

ఏ శ్రుతీ ఆధారంగా లేకుండా, విన్న స్వరాన్ని విన్నట్టే గుర్తుపట్టే శక్తి కొందరికి ఉంటుంది. అది ఉన్నవాళ్లలో చాలామంది ఆరేడేళ్లలోపే నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు. "ఆలస్యమైతే రాదు" అనే మాట అక్కడి నుంచి వచ్చింది. మన సంగీతానికి ఆ శక్తి అవసరం లేదు. ఎవరి శ్రుతిలో వాళ్లు షడ్జమం, అంటే 'స', పెట్టుకుని దాన్ని ఆనుకుని పాడతాం. ఆరేళ్లకైనా, అరవైకైనా మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలతో మొదలుపెట్టవచ్చు.

నేను భయపడేది వేరే దానికి. ఏడ్చే పిల్లను కూర్చోబెట్టి రోజూ గంట సాధన చేయిస్తే స్వరాలు వస్తాయేమో గాని, పాట మీద విముఖత కూడా వాటితోపాటే వస్తుంది. అలా నేర్చుకుని, పెళ్లయ్యాక నోరు తెరిచి ఒక్క కృతి పాడనివాళ్లను చాలామందిని చూశాను.

మా వంశంలో ఎవరికీ సంగీతం లేదు. మా పిల్లలకు ఎలా వస్తుంది?

వంశానికి కొంత పాత్ర ఉన్న మాట నిజమే. స్వీడన్‌లో వేలమంది కవలల మీద చేసిన అధ్యయనాల్లో, సాధన మీద కూర్చునే ఓపికలో కూడా కొంత పుట్టుకతో వచ్చేదని తేలింది. కానీ ఏ పాట మీద మనసు పడుతుందో నిర్ణయించేది పెరిగిన ఇల్లే. ఇంట్లో ఎవరూ పాడకపోయినా, ఎవరో ఒకరు శ్రద్ధగా వింటూ ఉంటే చాలు. నా దగ్గర బాగా పాడే పిల్లల్లో ఒకరి నాన్నగారు లారీ నడుపుతారు. ఆయన పాడరు. మంచి పాట వస్తే మాట్లాడటం ఆపేస్తారు. ఆ పిల్ల పాటకు విలువ ఇవ్వడం అక్కడ నేర్చుకుంది.

## పన్నెండు నుంచి ఇరవై అయిదు

మా అబ్బాయి వినేది నాకు ఒట్టి మోతలా ఉంటుంది. ఈ కాలం పాటలు నిజంగానే పాడైపోయాయా?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా నాన్నలు అడుగుతారు.

1989లో మారిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు రకరకాల వయసులవారికి కొన్ని దశాబ్దాల పాటలు వినిపించి ఏవి ఎంత నచ్చాయో అడిగారు. ఎవరికి వారికి తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లున్నప్పుడు వచ్చిన పాటలే ఎక్కువగా నచ్చాయి. అది ఏ దశాబ్దమన్నది ముఖ్యం కాలేదు. అంటే "బంగారు కాలం" అని మనం అనేది చాలావరకు మన యవ్వనం. ఘంటసాలగారు 1974లో పోయారు, బాలుగారు సినిమాకు మొదటిసారి పాడింది 1966లో. ఆ గొంతు కొత్తగా వచ్చిన రోజుల్లో అది పెద్దవాళ్ల చెవికి పరాయిగా వినిపించే ఉంటుంది. ఇవాళ అదే బాలుగారి పాటను చూపించి మనం పిల్లలకు "పాటంటే ఇది" అంటున్నాం.

ఇంకొక కారణం కూడా ఉంది. పాత పాటల్లో పేలవమైనవి ఎప్పుడో మరుగున పడ్డాయి, మంచివే మిగిలాయి. కొత్త పాటలు మంచీ చెడూ కలిసి ఒక్కసారిగా మీద పడతాయి. జల్లెడ పట్టిన బియ్యాన్ని పట్టని బియ్యంతో పోల్చకూడదు.

అయితే సాహిత్యం వినపడకుండా వాయిద్యాలతో ముంచేస్తున్నారన్న మీ బాధలో న్యాయం ఉంది. ఆ మాట అబ్బాయితో చెప్పండి. కానీ ముందు అతను మెచ్చిన పాట ఒకటి పూర్తిగా, మధ్యలో లేవకుండా వినండి.

ఆ వయసులో విన్న పాటలే అంత గాఢంగా ఎందుకు నాటుకుపోతాయి?

మొదటిసారులన్నీ ఆ వయసులోనే వస్తాయి. మొదటి స్నేహం, మొదటిసారి ఊరు దాటడం, మొదటి జీతం, చెప్పుకోలేని మొదటి ఇష్టం. సుమారు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే మనుషులకు జీవితమంతా దట్టంగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఆ జ్ఞాపకాలను పాట అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా "నేనెవరు" అని వెతుక్కునే వయసు అది. నలుగురు కుర్రాళ్లు ఒకే పాట ఇష్టపడటం వాళ్ల మధ్య ఒక ఒప్పందం లాంటిది.

శరీరంలో జరిగేది కూడా ఉంది. మాంట్రియల్ పరిశోధకులు 2011లో, ఎంతో ఇష్టమైన పాట వింటున్నప్పుడు మెదడులో డోపమీన్ అనే రసాయనం విడుదల కావడం చూశారు. ఒళ్లు పులకరించే క్షణంలోనే కాదు, ఆ చోటు వస్తోందని ఎదురుచూసే కొన్ని క్షణాల్లో కూడా.

నా కాలం పాటలు మా అమ్మాయికి నోటికి వచ్చు. నేను నేర్పలేదు. ఎలా?

మీరు నేర్పలేదు గాని వినిపించారు. 2013లో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ ఇరవై ఏళ్ల వయసువారికి 1955 నుంచి 2009 దాకా వచ్చిన పాటలు వినిపించారు. వాళ్లకు సొంత కాలం పాటలు నచ్చాయి, అది మామూలే. దాంతోపాటు 1980ల తొలి సంవత్సరాల పాటల దగ్గర కూడా ఇష్టం ఒక్కసారి పెరిగింది. అది వాళ్ల అమ్మానాన్నల పడుచు కాలం. 1960ల పాటల దగ్గర ఇంకో చిన్న పెరుగుదల కనిపించింది. తాతయ్యల ఇంటి ప్రభావం కావచ్చని వాళ్లు భావించారు.

మన ఇళ్లలో దీనికి పరిశోధన అక్కర్లేదు. ఆదివారం తలంటు, కొబ్బరి నూనె వాసన, వంటింట్లో అమ్మ కూనిరాగం. పిల్ల ఆ పాటను విడిగా విననే లేదు, ఆదివారంతో కలిపి వింది. హాస్టలుకు వెళ్లాక ఆ పాట ఎక్కడో వినపడితే ఆమెకు ముందు గుర్తొచ్చేది మీ చేయి.

## ఇల్లు, ఉద్యోగం, నడి వయసు

రేడియో తరానికీ, క్యాసెట్ తరానికీ, ఫోను తరానికీ పాటతో అనుబంధంలో తేడా ఉందా?

చాలా ఉంది. పాట మన దగ్గరికి వచ్చే దారి మారితే దాన్ని ప్రేమించే తీరు మారుతుంది.

కటక్, విజయవాడ ఆకాశవాణి కేంద్రాలు రెండూ 1948లోనే మొదలయ్యాయి. విశాఖపట్నం 1963లో, మన కొరాపుట్ వైపు జయపురం 1964లో వచ్చాయి. మీడియం వేవ్ ప్రసారాలు పగటి కంటే రాత్రి ఎక్కువ దూరం పోతాయి, ఎందుకంటే ఆకాశంలో వాటిని పగలు మింగేసే పొర రాత్రి దాదాపు మాయమవుతుంది. అందుకే మా తాతగారు రాత్రి భోజనం అయ్యాక రేడియో ముందు కూర్చునేవారు. ముల్లు ఒక వెంట్రుక వాసి కదిపితే తెలుగు, ఇంకొక వెంట్రుక వాసి కదిపితే ఒడియా, మధ్యలో బుసబుసలు. పాట సగంలో గొంతు దూరమైపోతే ఊపిరి బిగబట్టి రేడియోను కిటికీ వైపు తిప్పేవారు. ఆ పాట మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కసారికే పల్లవి పట్టేసేవారు. ఆ తరానికి పాటంటే ఎదురుచూపు, పైగా ఇంటిల్లిపాదికీ ఒకేసారి వచ్చేది.

క్యాసెట్ తరం మాది. అందులో పాట చేతికి వచ్చింది. బరంపురం వెళ్లి ఖాళీ క్యాసెట్ మీద కోరిన పన్నెండు పాటలు ఎక్కించుకుని, అట్ట మీద వరుస రాసుకునేవాళ్లం. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పేవాళ్లం. ఆ వరుస ఎంతగా అలవాటైందంటే, ఇవాళ ఎక్కడైనా అందులోని మూడో పాట అయిపోగానే నా నోట్లో నాలుగో పాట మొదలవుతుంది.

ఫోను తరానికి కొరత లేదు. కొరత లేనప్పుడు ఎంపిక కష్టమవుతుంది, పది క్షణాలు విని తర్వాతి పాటకు దూకడం అలవాటవుతుంది. నన్ను బాధపెట్టేది ఇయర్‌ఫోన్. నాన్న పాట కొడుకు చెవిన పడదు, కొడుకు పాట నాన్న చెవిన పడదు. మీకు చేతనైతే వారానికి ఒక పూట ఇంట్లో స్పీకరులో పాట పెట్టండి, వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకోండి.

నలభై దాటాక కొత్త పాట ఏదీ మనసుకు ఎక్కడం లేదు. నాలోనే లోపమా?

లోపం కాదు, వినడం తగ్గింది. తరచుగా ఎదురుపడిన దాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1968లోనే చూపించాడు. పదహారేళ్లప్పుడు ఒక పాటను మనం యాభైసార్లు విన్నాం. ఇప్పుడు కొత్త పాటను ఒక్కసారి, అదీ బస్సులో సగం విని తీర్పు చెబుతున్నాం. ఒకే పాటను వారం రోజులు రోజుకొకసారి వినండి. అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి.

మా అన్నయ్య సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తాడు. ఊళ్లో ఉన్నప్పుడు దండనాట వైపు చూసేవాడు కాదు. ఇప్పుడు రాత్రిళ్లు ఫోనులో అదే పెట్టుకుని కూర్చుంటాడు. ఎందుకు?

గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లిన ఎంతోమంది ఇళ్లలో ఇదే మాట వింటాను. దండనాట అంటే ఒడియా పల్లెల్లో భక్తులు మొక్కుగా ఆడే ఆట. ఊళ్లో ఉన్నప్పుడు అది ఒక నేపథ్యం. చైత్రం ఎండల్లో దండువాలు, అంటే ఆ ఆట ఆడే భక్తులు, ఊరూరా తిరిగి, పగలు వేడి దుమ్ములో, రాత్రి దివిటీల వెలుగులో ఆడి, మేష సంక్రాంతితో ముగిస్తారు. అది ప్రతి ఏడూ వస్తుంది కనుక ప్రత్యేకంగా వినాలనిపించదు. మగ్గాల చప్పుడులో పన్నెండు గంటలు గడిపి వచ్చినవాడికి ఆ ఢోలు వినపడగానే ఊరంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వస్తుంది. ఫొటోలో ఊరు కనిపిస్తుంది. పాటలో ఎండ, దుమ్ము, అమ్మ పిలుపు, పణా పానకం రుచి కూడా వస్తాయి.

అతను ఫోను చేసినప్పుడు "ఎప్పుడూ లేనిది ఇదేమిటి" అని ఆటపట్టించకండి. ఈసారి మీ వీధిలో ఆడినప్పుడు పది నిమిషాలు రికార్డు చేసి పంపండి. మధ్యలో మీ వాళ్ల మాటలు పడినా తీసేయకండి.

## పెద్ద వయసు

నాన్నగారు మా పేర్లు మరిచిపోతున్నారు. నాటకం పద్యం మాత్రం తడబడకుండా పాడుతున్నారు. ఇది ఎలా సాధ్యం?

మీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ చూశాను. పేరు ఒక్క మాట. అది జారితే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు. పద్యానికి రాగం ఉంది, యతి ఉంది, ప్రాస ఉంది, ఊపిరి తీసుకునే చోటు ఉంది. ఒకటి జారితే ఇంకొకటి దాన్ని పైకి లాగుతుంది. జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో మరొక సంగతి చెప్పారు. చిరకాలంగా తెలిసిన పాటలను దాచుకునే మెదడు భాగం, అల్జీమర్స్ జబ్బులో మిగతా భాగాలంత త్వరగా క్షీణించదు.

పద్యం పాడుతున్నప్పుడు "నేనెవరో చెప్పు నాన్నా" అని పరీక్ష పెట్టకండి. ఆయన దగ్గర కూర్చుని చివరి పాదంలో గొంతు కలపండి.

ఆయనకు ఏ పాటలు పెట్టాలి?

పుట్టిన సంవత్సరానికి ఒకసారి పదిహేను, ఇంకోసారి ఇరవై అయిదు కలపండి. 1945లో పుట్టినవారికి 1960 నుంచి 1970 దాకా వస్తుంది. ఆ పదేళ్ల పాటలతో మొదలుపెట్టండి. తర్వాత ఆయన అమ్మగారి ఇంట్లో వినపడిన భజనలు, మంగళహారతులు. ఒడియా బడిలో చదివినవారైతే, సాయంత్రాలు భాగవత టుంగీలో (ఊళ్లో భాగవతం చదివే చావడిలో) జగన్నాథదాసు ఒడియా భాగవతం విన్నవారైతే అదీ వినిపించండి. తెలుగు ఇల్లు కదా అని వదిలేయకండి. శబ్దం తక్కువగా, ఒక్కసారికి రెండు మూడు పాటలు చాలు. కళ్లు తడి అయితే కంగారుపడవద్దు, అశాంతిగా కదులుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి.

ఆయన పద్యాలు పిల్లలకు అందించాలని ఉంది. వాళ్లకు తెలుగు చదవడం రాదు. ఏం చేయాలి?

ముందు ఈ వారంలోనే ఫోనులో రికార్డు చేయండి. పండగ దాకా ఆగవద్దు. ఉదయం పూట, గొంతు బాగున్నప్పుడు చేయండి. ఏ ఊళ్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పద్యానికి ముందో వెనకో ఆయన నోటనే చెప్పించండి.

తర్వాత పద్యాన్ని ఒడియా లిపిలో రాసి ఇవ్వండి. ఇలా అంటే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. చదవలేని లిపిలో పుస్తకం బీరువాలో ఉండటం కంటే, చదవగలిగిన లిపిలో పద్యం నోట్లో ఉండటం నాకు ఇష్టం. లిపి తర్వాత నేర్పవచ్చు. దాదాపు ప్రతి అక్షరానికీ ఒడియాలో జోడీ ఉంది, ళకారం కూడా ఉంది. ఒక్క చోటే చిక్కు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకూ లేవు. మామూలు మాటకైతే సర్దుకుపోవచ్చు గాని, పద్యంలో హ్రస్వం దీర్ఘమైతే గణం తప్పుతుంది, నడక కుంటుతుంది. మా మేనకోడలు దీనికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద ఎర్ర పెన్సిలుతో చిన్న గీత గీస్తుంది. తాతగారు పాడుతుంటే చెవి అటు, పెన్సిలు ఇటు పెట్టుకుని ఆ గీతలు గీసుకుంది. ఒకచోట గీత తప్పుగా పడితే ఆయన పాడటం ఆపి, ఆ అక్షరం దగ్గర వేలు పెట్టి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.